కాహాల్ చుక్క, బార్ చుక్క

నాడీకణపు కేంద్రకంలో మొదట కంటపడి, చూసినవాళ్ల పేర్లతోనే నిలిచిపోయిన నిర్మాణాలు రెండున్నాయి. 1903లో మాడ్రిడ్‌లో సాంతియాగో రమోన్ ఇ కాహాల్ చూసినది ఒకటి. 1949లో కెనడాలోని లండన్ నగరంలో ముర్రే బార్, ఎవార్ట్ బెర్ట్రామ్ చూసినది రెండోది. అటూ ఇటూగా ఒక్క మైక్రోమీటరు ఉండే చుక్కలివి. కేంద్రకంలోని కేంద్రకాంశం దాపునే రెండూ దొరికాయి. అయినా కాహాల్ చుక్కను లోకం దాదాపు తొంభై ఏళ్లు పెద్దగా పట్టించుకోలేదు. బార్ చుక్కకు మాత్రం ఇరవై ఏళ్లయినా నిండకుండానే మనుషుల మీద తీర్పు చెప్పే అధికారం కట్టబెట్టింది.

ప్రయోగంగా చూస్తే బార్ పనే గట్టిది. ఆయన వెతికింది ఆడామగా తేడా కానే కాదు. పిల్లుల నాలుకను కదిలించే నాడికి విద్యుత్తు పెట్టి, అలసిన కణంలో ఏం మారుతుందో గమనిస్తున్నారు. కొన్ని పిల్లుల్లో కేంద్రకాంశాన్ని అంటుకుని ఒక ముద్ద ఉంది, కొన్నిటిలో లేదు. ఏ కణం ఏ జంతువుదో రాసిపెట్టుకున్న వివరాలు తిరగేస్తే, ముద్ద కనబడినవి ఆడ పిల్లులని తేలింది. అడిగిన ప్రశ్న వేరు, దొరికిన జవాబు వేరు. ఆ జవాబును కాదనకుండా తీసుకున్న నిజాయితీ ఆ పరిశోధనకు ప్రాణం. కాహాల్ దగ్గర ఇలాంటి పోలిక లేదు. వెండి లవణంతో రంగెక్కించాడు, కనబడినదాన్ని గీశాడు, ‘అనుబంధ కాయం’ అన్నాడు, అంతటితో ఆగాడు. అది ఏం చేస్తుందో చెప్పడానికి తన దగ్గర ఆధారం లేనప్పుడు చెప్పకపోవడం నా దృష్టిలో చిన్న గుణం కాదు.

బార్ చూసిన ముద్ద ఒక ఎక్స్ క్రోమోజోమ్ అని సుసుము ఓనో చూపించాడు. రెండు ఎక్స్‌లున్న కణంలో ఒకటి పని మానేసి ముడుచుకుంటుందని 1961లో మేరీ లయన్ వివరించింది. జీవశాస్త్రంలో అంతటి అందమైన వివరణలు అరుదు. కానీ ఈలోగా పరీక్ష మెదడును వదిలి బుగ్గ లోపలి పొరకు చేరింది. చెంప గీకి తీసిన కణాల్లో ముద్ద ఉంటే స్త్రీ, లేకపోతే కాదు! 1968 ఒలింపిక్స్ నుంచి మహిళా క్రీడాకారులకు ఇదే ప్రవేశ పరీక్ష అయింది.

తప్పు బార్‌ది కాదు, చుక్కదీ కాదు. అది చెప్పేది కణంలో ఎక్స్‌లు ఎన్నో మాత్రమే. ఒకే ఎక్స్‌తో పుట్టిన టర్నర్ సిండ్రోమ్ స్త్రీలలో అది ఉండదు. రెండు ఎక్స్‌లూ ఒక వై ఉన్న క్లైన్‌ఫెల్టర్ పురుషులలో ఉంటుంది. ఈ సంగతి వైద్యులకు 1950ల నుంచే తెలుసు. తెలిసీ పరీక్ష పెట్టడాన్ని నేను క్షమించలేను. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్తీనెజ్ పతీన్యో 1985లో కోబె పోటీలకు, అంతకుముందు ఈ పరీక్ష నెగ్గినప్పటి ధ్రువపత్రం తీసుకెళ్లడం మరిచిపోయింది. మళ్లీ పరీక్షిస్తే ముద్ద లేదన్నారు. ఆమెకు వై క్రోమోజోమ్ ఉంది, కానీ శరీరం పురుష హార్మోన్లకు స్పందించదు. అంటే వాటివల్ల ఆమెకు ఒనగూరే బలమేమీ లేదు. సంగతి బయటపడ్డాక స్కాలర్‌షిప్ పోయింది, రికార్డులు కొట్టేశారు. పోరాడి 1988లో మళ్లీ అర్హత తెచ్చుకుంది. ఒలింపిక్స్‌లో అందరికీ పరీక్ష పెట్టే పద్ధతి 1999 దాకా ఆగలేదు.

కాహాల్ చుక్క కథ నెమ్మదిగా నడిచింది. 1969లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చుట్టలు చుట్టిన దారంలా కనబడి ‘కాయిల్డ్ బాడీ’ అనిపించుకుంది. 1991లో, ఆటోఇమ్యూన్ రోగుల రక్తంలోని యాంటీబాడీల సాయంతో, అందులోని కాయిలిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకున్నారు. 1999లో జోసెఫ్ గాల్ దానికి కాహాల్ పేరే ఉండాలన్నాడు. దానికి పొర లేదు. కూలీలు చేరితే అడ్డా అయినట్టు, అణువులు గుమిగూడితేనే అది ఉంటుంది, చెదిరితే పోతుంది. ఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అతికించే యంత్రాల భాగాలు అక్కడ సిద్ధమవుతాయి. చిన్నపిల్లల కండరాలను కుంగదీసే స్పైనల్ మస్కులర్ అట్రోఫీలో ఎస్‌ఎంఎన్ ప్రొటీన్ కొరవడినప్పుడు, వెన్నుపాములోని చాలక నాడీకణాల్లో ఈ చుక్కలు తగ్గిపోతాయి.

అలాగని చుక్క లేనిచోట జబ్బు ఉన్నట్టేనా? ఇక్కడ శాస్త్రవేత్తలు తొందరపడలేదు, అడిగి చూశారు. కాయిలిన్ జన్యువు తీసేసిన ఎలుకల్లో సరైన కాహాల్ చుక్కలు ఏర్పడవు. అయినా చాలా ఎలుకలు బతికాయి, సంతానం మాత్రం తగ్గింది. జీబ్రాఫిష్ పిండాల్లో కాయిలిన్ తగ్గిస్తే చనిపోయాయి. అయితే ఆ పిండాల్లోకి ఆర్‌ఎన్‌ఏ యంత్రాల భాగాలను ముందే తయారుచేసి ఎక్కిస్తే, చుక్కలు తిరిగి రాకున్నా అవి కోలుకుని ఎదిగాయి.