తెల్ల చుక్క దాగిన చోటు

నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న అద్దకపు ల్యాబ్‌లో, అక్కడ పనిచేసే ఒకావిడ ముదురు నీలం గుడ్డముక్కలు రెండు కిటికీ వెలుతుర్లో నా ముందు పరిచారు. రెండూ ఒకే తానులోవి. మొదటిదాని మీద వంగి చూస్తే నువ్వుగింజలో సగం కూడా లేని తెల్ల చుక్కలు కనిపించాయి. రెండోదానిలో ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. దానికి అద్దకానికి ముందు కైటోసాన్ పూత వేశారట.

ఆ చుక్కలు ముదరని పత్తి పోగులు. గోడ పలచగా ఉండి చిక్కుపడి ఉండలు కడతాయి; రంగు సరిగా పట్టవు, పట్టినా తేలిపోతాయి. కైటోసాన్‌తో వాటిని కప్పవచ్చని 1984లోనే రిప్పన్ అనే పరిశోధకుడు చూపించాడు.

ఈ పదార్థం రొయ్య పెంకులోంచి వస్తుంది. మన కోస్తాలో రొయ్యల ఫ్యాక్టరీలు వలిచి పారేసే పెంకే. పలచని ఆమ్లంతో సున్నం, క్షారంతో మాంసకృత్తులు తీసేస్తే కైటిన్ మిగులుతుంది. దాన్ని చిక్కటి కాస్టిక్ సోడాలో కాగబెడితే కైటోసాన్. నన్ను కట్టిపడేసింది దీనికీ పత్తికీ ఉన్న చుట్టరికం. రెండింటిదీ ఒకే తీరు చక్కెర గొలుసు. పత్తిలో హైడ్రాక్సిల్ ఉన్న ఒక చోట ఇక్కడ అమైన్ ఉంటుంది, అంతే. నీళ్లలో పత్తి మీద రుణావేశం, రియాక్టివ్ రంగు మీదా రుణావేశమే. అందుకే రంగును పోగు మీదికి నెట్టడానికి ముదురు ఛాయలకు లీటరుకు 60, 80 గ్రాముల ఉప్పు పోస్తారు. ఆ ఉప్పంతా చివరికి మురుగునీటిలోకే. మామూలు జీవశుద్ధికి అది లొంగదు. అమైన్ వల్ల ధనావేశం ఉన్న కైటోసాన్ పూత రంగును తానే పిలుచుకుంటుంది కాబట్టి ఉప్పు బాగా తగ్గించవచ్చు.

అసలు పనితనం ద్రావణంలో ఉంది. కైటోసాన్ మామూలు నీళ్లలో కరగదు. ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో ఆవిడ రేకులు చల్లి, గంటలకొద్దీ నెమ్మదిగా తిప్పుతూనే ఉన్నారు. గంజిలా చిక్కబడ్డాక గుడ్డలో వడగట్టారు. కరగని రేకు ఒక్కటి మిగిలినా అద్దకంలో అది మచ్చై తేలుతుంది. గుడ్డను అందులో ముంచి మాంగిల్ రోలర్ల మధ్య పిండారు. రోలర్ ఒత్తిడి ఒక అంచున ఎక్కువైతే ఆ అంచు లేతబడుతుంది. ఆ తర్వాత ఆరబెట్టడం. అద్దకపు తొట్టిలోని సోడా క్షారం కదా, అందులో కైటోసాన్ కరగదు. పూత పోగును వదలదు. ఇంత పొందికగా అమరిన పని నేను అరుదుగా చూశాను.

కలంకారీ వాళ్లు కరక్కాయ, గేదెపాలు పట్టించి బట్టను రంగుకు సిద్ధం చేయడం గుర్తొచ్చింది. రంగు కన్నా ముందు బట్టను మచ్చిక చేసుకోవాలన్న తెలివి మనకు కొత్తది కాదు.

రెండో ముక్కను వేళ్ల మధ్య నలిపాను. గంజి పెట్టినట్టు కాస్త బిరుసుగా ఉంది. ఆవిడ తడిపిన తెల్ల గుడ్డతో దాన్ని పదిసార్లు రుద్దారు. గుడ్డకు లేత నీలం అంటింది. రంగు పైపొరలోనే ఎక్కువగా ఆగిపోయిందన్నమాట. పొడవైన గొలుసులు పోగు లోపలికి దూరలేవు. ఆవిడ ద్రావణం గిన్నె పక్కకు జరిపి, పొట్టి గొలుసుల కైటోసాన్ డబ్బా తీశారు. ఈసారి సగమే తూచి మళ్లీ చల్లడం మొదలుపెట్టారు.