అరువు గొంతు అక్కర్లేని ముఖం

‘మిస్సమ్మ’ వెనకాల జరిగిన కథ తెలుగువాళ్లకు కంఠతా వచ్చు. వరలక్ష్మీ వ్రతం చేసుకుని నటి, గాయని భానుమతి సెట్‌కు ఆలస్యంగా రావడం, నిర్మాత చక్రపాణి క్షమాపణ అడగడం, ఆమె ససేమిరా అనడం, తీసిన రీళ్లు బుట్టదాఖలు కావడం, చెల్లెలి వేషానికి అనుకున్న సావిత్రి కథానాయిక మేరీగా మారిపోవడం. తప్పెవరిదన్న పంచాయతీ డెబ్భై ఏళ్లుగా నడుస్తోంది, నడవనివ్వండి. ఎవరూ పట్టించుకోని లెక్క మాత్రం ఒకటుంది. భానుమతి ఒక్కరూ చేసే పనికి ఆ తర్వాత ఇద్దరు కావలసి వచ్చారు. ముఖం సావిత్రిది, పాట పి. లీలది.

ఇద్దరూ అద్భుతంగా చేశారు, కాదనేవారు లేరు. తన పట్టుదల వల్ల పరిశ్రమకు సావిత్రి అనే గొప్ప నటి దొరికిందని తర్వాతి కాలంలో భానుమతే చెప్పుకున్నారు. కానీ 1955 నాటికి తెలుగు సినిమా ఏ దారిన పోతోందో ఆ లెక్కలోనే కనిపిస్తుంది. నటించేవాళ్లు నటిస్తారు, పాడేవాళ్లు పాడతారు. మొదట్లో సొంతంగా పాడుకున్న అక్కినేని కూడా అప్పటికే ఘంటసాల గొంతులో స్థిరపడ్డారు. సొంత గొంతు వదలని ఎస్. వరలక్ష్మి లాంటి వాళ్లు ఒకరిద్దరు మిగిలారు. భానుమతి చివరిదాకా వదల్లేదు.

ఒంగోలు దగ్గర దొడ్డవరంలో 1925 సెప్టెంబరు 7న పుట్టిన ఈ పిల్లకు సంగీతం ఇంట్లోదే. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య కూతురికి పాట నేర్పించారు, సినిమాకూ ఆయనే ఒప్పుకున్నారు, సవాలక్ష షరతులతో. 1939లో సి. పుల్లయ్య తీసిన ‘వర విక్రయం’లో కాళింది వేషం వేసేనాటికి ఆమెకు పదమూడేళ్లు. టాకీల తొలిరోజులు కదా, పాడలేని పిల్లకు వేషం దొరకడమే కష్టం. అంటే ఆమె నటనలోకి వచ్చింది పాట అనే వాకిట్లోంచే.

‘కృష్ణప్రేమ’ సమయంలో పరిచయమైన సహాయ దర్శకుడు పి.ఎస్. రామకృష్ణారావును 1943లో పట్టుబట్టి పెళ్లి చేసుకున్నారు. ఇక సినిమాలు చాలనుకున్నారు. బి.ఎన్. రెడ్డి వచ్చి ఆ దంపతులను ఒప్పించబట్టి 1945లో ‘స్వర్గసీమ’ వచ్చింది. అందులో ఆమెది వీధిలో ఆడిపాడే స్థితి నుంచి రంగస్థల తారగా ఎదిగి, ఒక సంసారాన్ని కుదిపేసే పాత్ర. రీటా హేవర్త్ నటించిన ‘బ్లడ్ అండ్ శాండ్’లో విన్న ఒక కూనిరాగం ఆమె చెవిలో ఉండిపోయింది. అది బాలాంత్రపు రజనీకాంతరావు మాటల్లోకి చేరి పావురం పాటయ్యింది. కర్ణాటక సంగీతం గట్టిగా నేర్చిన గొంతు ఒక స్పానిష్ ఛాయను అంత తేలిగ్గా పలికించడం అప్పటికి కొత్త. శాస్త్రీయం నేర్చినవాళ్లలో కొందరికి సినిమా పాట పాడేటప్పుడు కాస్త మొహమాటం ఉంటుంది. ఆమెలో అది వెతికినా దొరకదు.

1951 నాటి ‘మల్లీశ్వరి’లో ఏటి ఒడ్డున, రాత్రిపూట నాగరాజును కలుసుకున్న మల్లి పాడే పాట గుర్తుకు తెచ్చుకోండి. సాలూరి రాజేశ్వరరావు బాణీ, దేవులపల్లి కృష్ణశాస్త్రి సాహిత్యం. గొంతు పెద్దగా పైకి లేవదు. గుసగుసకూ పాటకూ మధ్యలో ఎక్కడో ఆగి నడుస్తుంది. ఆ సన్నివేశంలో పెదవులను కాదు, మెడను చూడాలి. ముందే రికార్డయిన పాటకే ఆమె కూడా పెదవి కదిపారు. కాకపోతే ఎక్కడ ఊపిరి పీల్చిందీ, ఎక్కడ బిగబట్టిందీ ఆ శరీరానికి ముందే తెలుసు. ఇంకొకరు పాడిన పాటకు నటించేవాళ్లు మాటలను అందుకోగలరు, భావాన్నీ అందుకోగలరు. ఊపిరిని అందుకోవడమే కష్టం.

దీనికి ఇంకో వైపూ ఉంది. ఆమెలోని గాయని అప్పుడప్పుడూ నటిని పక్కకు నెట్టేస్తుంది. సొంత సంస్థ భరణి చిత్రాల్లో ఒకటి రెండు చోట్ల కథ కాస్త ఆగి కచేరీ మొదలైనట్టు ఉంటుంది. ఆమె అభిమానులు ఈ మాట ఒప్పుకోరు.

కొడుకు పేరు మీద పెట్టిన ఆ భరణి సంస్థ ‘రత్నమాల’తో మొదలై, ‘లైలా మజ్ను’, ‘విప్రనారాయణ’ దాకా భర్త దర్శకత్వంలో మంచి సినిమాలు తీసింది. 1953లో ‘చండీరాణి’కి దర్శకత్వం తనే చేపట్టారు. తెలుగులో సినిమాను డైరెక్ట్ చేసిన తొలి మహిళగా ఆమె పేరు నిలిచింది. తొలి ప్రయత్నమని చిన్నగా మొదలుపెట్టారా? లేదు. తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ తీశారు, రెండు పాత్రలూ తనే వేశారు, పాటలూ తనే పాడారు. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బురామన్ మధ్యలోనే కన్నుమూస్తే ఎం.ఎస్. విశ్వనాథన్ ఆ పని అందుకున్నారు. మరుసటి ఏడు ‘చక్రపాణి’ సినిమాకు సంగీత దర్శకురాలిగా కూడా ఆమె పేరే పడింది.

ఇదంతా చూసి జనం ‘పొగరు’ అన్నారు. ఇన్ని పనులు నెత్తినేసుకున్న మగవాణ్ని మన ఊళ్లలో గట్టివాడంటారు. తమిళంలో ‘నాడోడి మన్నన్’ తీస్తున్నప్పుడు ఎంజీఆర్‌తో పొసగక మధ్యలో వచ్చేశారు. ఆయన కథ మార్చి ఆమె పాత్రను చంపేశారు. అదే ఎంజీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా భానుమతి వెళ్లారు. నటనకు వ్యాకరణం అంటూ అన్నాదురై ఆమెను మెచ్చుకున్న మాట తమిళులు ఇప్పటికీ తలుచుకుంటారు.

గొంతు తనదైనట్టే కలమూ తనదే. ‘అత్తగారి కథలు’లో చెప్పేది కోడలు. మడి, మాట, చాదస్తం అన్నీ ఉన్న ఆ అత్తగారిని ఆవిడ వెక్కిరించదు, ముద్దుగా చూసి నవ్వుకుంటుంది. పొగరుబోతని పేరున్న మనిషి రాసిన హాస్యం ఇంత మెత్తగా ఉండటం కొందరికి వింత. పాట విన్నవాళ్లకు వింతేమీ కాదు. ఆత్మకథ ‘నాలో నేను’కు సినిమా పుస్తకాల విభాగంలో జాతీయ అవార్డు వచ్చింది.

దాదాపు అరవై ఏళ్ల ప్రయాణంలో ఆమె సినిమాలు వంద దాటి ఎంతో దూరం పోలేదు. ఎన్టీఆర్, ఏఎన్నార్ లెక్కల పక్కన పెడితే చాలా తక్కువ. వచ్చిన ప్రతి వేషమూ ఒప్పుకోలేదు, ఒప్పుకున్నవి వయసుకు తగ్గట్టు మార్చుకుంటూ పోయారు. 1965లో ‘అంతస్తులు’ నాటికే ఆమె అక్క. అల్లరి కుర్రాళ్ల దుమ్ము దులిపే పాటలో ఆ గొంతు వింటే, హీరోయిన్ వేషాల్లో దాచుకున్న వెటకారమంతా ఒక్కసారి బయటికొచ్చినట్టుంటుంది.

1984లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో ‘మంగమ్మగారి మనవడు’ వచ్చేనాటికి ఆమెకు అరవై దగ్గర పడింది. కుర్ర హీరో బాలకృష్ణ. సినిమా పేరులో మాత్రం ముందు మంగమ్మగారు, తర్వాతే మనవడు. కె.వి. మహదేవన్ స్వరపరిచిన సూర్యుడి మేలుకొలుపు పాటను వాణీ జయరామ్‌తో కలిసి ఆమె పాడారు. ఆ సినిమాలో మనవడి పాటలకు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు కావలసి వచ్చింది. బామ్మ పాట బామ్మే పాడుకుంది.