ఇరవై వేల పౌన్ల స్వేచ్ఛ

‘జేన్ ఐర్’ నవలని నేను మొదటిసారి చదివింది ఇంటర్ సెలవుల్లో. తల్లీ తండ్రీ లేని, అందమూ డబ్బూ లేని ఒక గవర్నెస్ తన యజమాని ఎదుట నిలబడి తనకూ ఒక మనసుందని చెప్పడం చూసి, ఇది నా కథే అనుకున్నాను. 1847లో షార్లెట్ బ్రాంటీ రాసిన ఆ తెల్ల అమ్మాయికీ నాకూ మధ్య ఏ దూరమూ తోచలేదు. ఎందుకు తోచలేదన్న ప్రశ్న వేసుకోడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

జేన్ స్వతంత్రురాలయింది ఆత్మగౌరవంతో మాత్రమే కాదు. బాబాయి వదిలి వెళ్ళిన ఇరవై వేల పౌన్లతో కూడా. మదీరా దీవిలో ఉండే ఆ బాబాయికి జమైకాకి చెందిన మేసన్ కుటుంబంతో వ్యాపార లావాదేవీలున్నాయి. ఆ మేసన్ల ఆడపడుచే బెర్తా. ఆమె తెచ్చిన ముప్పై వేల పౌన్ల కట్నం కోసమే రోచెస్టర్ కి పెళ్ళి చేస్తారు. తర్వాత పిచ్చిదని మేడ మీద గదిలో బంధిస్తారు. ఒక స్త్రీ విముక్తి వెనక మరో స్త్రీ చెర ఉంది. ఆ రెండు కుటుంబాల డబ్బు వెనక, పేరైనా లేకుండా, చెరుకుతోటల్లో పనిచేసిన బానిసలున్నారు.

డొమినికాలో పుట్టిన శ్వేత క్రియోల్ రచయిత్రి జీన్ రిస్ 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ రాసి బెర్తాకి ఆంట్వనెట్ అన్న పేరూ, బాల్యమూ ఇచ్చింది. బానిసత్వాన్ని రద్దుచేసిన 1833 చట్టం తర్వాత చితికిపోయిన కుటుంబం ఆంట్వనెట్‌ది. నల్లపిల్ల టియాతో కలిసి తిన్నది, ఒకే ఏట్లో ఈదింది. ఇల్లు తగలబడిన రాత్రి టియాతోనే ఉండిపోదామని పరిగెత్తి వెళ్తే, టియా రాయి విసురుతుంది. పేదరికం ఇద్దరినీ దగ్గర చేసినా సమానుల్ని చెయ్యలేదు. ఆ చట్టం అమలైనప్పుడు ఇరవై మిలియన్ పౌన్ల పరిహారం యజమానులకే అందింది, బానిసలకి ఒక్క పెన్నీ దక్కలేదు. టియా చేతిలోని రాయికి ఆ లెక్క తెలుసు.

జేన్ వ్యక్తిత్వం బెర్తాని మనిషి కాకుండా చేసి నిర్మించిందేనని గాయత్రీ స్పివాక్ 1985లో చూపించింది. నా పీహెచ్‌డీలో ఒక అధ్యాయం ఈ వాదన మీదే. తెల్లవాళ్ళ ఆధిపత్యాన్ని ఎండగడుతుంటే ఎంత హాయిగా ఉండేదో! అందులో నా తప్పేమీ లేదు కదా.

ఆ హాయి ఒక క్లాసులో పోయింది. నవల చివర ఇండియాకి వచ్చే మతప్రచారకుడు సెయింట్ జాన్‌ని నేను సామ్రాజ్యవాదిగా వివరిస్తున్నాను. ఒక విద్యార్థిని లేచి, “మేడమ్, మా అమ్మమ్మకి అక్షరాలు నేర్పింది మిషన్ బడే. ఆ ఊళ్ళో ఇంకో బడి ఉంది, కానీ అది మాది కాదు” అంది. 1878లో ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీల దగ్గర వేలమంది, ఎక్కువమంది మాదిగలు, బాప్తిస్మం తీసుకున్నారని నేను చదివే ఉన్నాను. నా థీసిస్‌లో మాత్రం వాళ్ళకి చోటు లేకపోయింది. ఆ అమ్మాయి చెప్పిన రెండో బడి మా తాతల బడి.

సెయింట్ జాన్ సామ్రాజ్యవాది కాకుండా పోడు. కానీ తెల్లవాళ్ళ అహంకారం గురించి మాట్లాడేటప్పుడు నేను ‘మనం’ అంటున్నాను. ఆ ‘మనం’లో ఆ అమ్మాయి అమ్మమ్మని కూర్చోబెట్టి, ఆవిణ్ణి బడి బయట నిలబెట్టిన మా తాతల్ని దాచేస్తున్నాను. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల రచనల్ని ఒక్కచోట చేర్చింది. అంతకుముందు తెలుగు స్త్రీవాదం ‘మనం’ అన్నప్పుడు ఎవరు మిగిలిపోయారో ఆ పుస్తకం ఉండటమే చెప్తుంది.

‘జేన్ ఐర్’ నాకు ఇప్పటికీ ఇష్టమే. అయితే ఇప్పుడు చదువుతుంటే జేన్‌తోపాటు మేడ మీద గది తాళంచెవి కూడా నా చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ తాళంచెవి నాకూ వారసత్వంగానే వచ్చింది.