అయిదు రికార్డులూ ఒక పట్టు పెట్టే

"ఆరువేలు పెట్టి పాటలు కొంటావా?" అన్నారు మావారు. కోపం లేదు పాపం, బంగారం ధర విన్నప్పటి ఆశ్చర్యమే. "అవన్నీ ఫోనులో ఊరికే వస్తాయిగా!"

వస్తాయి. నిజమే. అందుకే ఆ రోజు కొనకుండా తిరిగొచ్చాను.

సంగతేమిటంటే, కోఠీలో పాత పుస్తకాలకని వెళ్ళి ఓ పాత రికార్డుల కొట్టు ముందు ఆగిపోయాను. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి 'బాలాజీ పంచరత్నమాల' ఎల్.పి.లు, అయిదుకి అయిదూ వున్నాయి. ఎర్రపట్టు అతికించిన పెట్టె, లోపల మఖమలు. "డీలక్సు సెట్టమ్మా" అన్నాడాయన. తీరా అడిగితే పెట్టె ఆయనే చేయించాట్ట. రికార్డులు ఉత్తవే అయితే నాలుగువేలు. అంటే పెట్టెకే రెండువేలన్నమాట! చీర సంగతి మరిచిపోయి అట్టపెట్టె దాచుకునే జాతి మనది, ఆయనకా రహస్యం తెలుసు.

ఈ రికార్డులకో కథ వుంది. సుబ్బులక్ష్మిగారూ, భర్త సదాశివంగారూ డబ్బుకి ఇబ్బంది పడుతున్న రోజుల్లో, 1979-80 ప్రాంతాన, తిరుమల తిరుపతి దేవస్థానం వారు ఈ పని తలపెట్టారు. అప్పటి కార్యనిర్వహణాధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్‌గారు 'నాహం కర్తా హరిః కర్తా'లో ఆ వివరాలన్నీ రాశారు. ఆవిడ 1916లో మదురైలో పుట్టిన తమిళ ఆడపడుచు. అరవై దాటిన వయస్సులో, అంత పేరు వచ్చాక, నేదునూరి కృష్ణమూర్తిగారి వంటివారు స్వరపరిచిన అన్నమయ్య కీర్తనలని కొత్తగా నేర్చుకుని పాడారు. నలభైలలోనే "ఇంకేం నేర్చుకుంటాంలే" అనేసే నాబోటి వాళ్ళకి ఇదొక చురక.

మా చిన్నప్పుడు ఈ పాటలు ఇంట్లో కాసెట్ల మీద మోగేవి. టేప్‌రికార్డరు హాల్లో, అమ్మ వంటింట్లో. పోపు చిటపటల్లో పల్లవి, కుక్కరు కూతలో చరణం కొట్టుకుపోయేవి. "కాస్త వెనక్కి తిప్పండర్రా" అని అమ్మ ఒక్కనాడు అడిగిన గుర్తు లేదు. కిందటేడు మోకాలి ఆపరేషనయి నెల్లాళ్ళు మా ఇంట్లో మంచం మీద వుంది. ఓ సాయంత్రం ఫోనులో అన్నమయ్య కీర్తన పెట్టాను. పాట అయ్యాక, "దీనికి ఇంకో చరణం కూడా వుందిటే?" అంది అమ్మ.

ముప్ఫై ఏళ్ళుగా వింటున్న పాట!

ఇక అసలు ప్రశ్న. కొనచ్చా, కూడదా? ధ్వని కోసమయితే అక్కర్లేదు. పాత రికార్డు చిటపటమంటుంది, ఫోనులోనే శుభ్రంగా వినిపిస్తుంది. 1963లో వచ్చిన సుప్రభాతం ఇందులో వుంటుందని ఆశపడకండి, అది వేరే రికార్డు. కచేరీ కావాలన్నా ఇది కాదు. ఇందులోవి చిన్న చిన్న కీర్తనలూ, స్తోత్రాలూ. తీరుబడిగా రాగాలాపన, స్వరకల్పన కావాలంటే ఆవిడ 1966లో ఐక్యరాజ్య సమితిలో చేసిన కచేరీ రికార్డు వినండి.

మరి ఇందులో వున్నదేమిటి? మాట. మాతృభాష కాకపోయినా ఒక్క ఒత్తు మింగరు, ఒక్క దీర్ఘం తరగదు. సంగీతం మాటని మోసుకెళుతుందే గాని తొక్కుకుంటూ పోదు. కాని అది అంట్లు తోముకుంటూ వింటే దొరకదు. ఎల్.పి. ఒక వైపు సుమారు ఇరవై నిమిషాలు. అయ్యాక లేచి మనమే తిప్పాలి. అంటే దాని దగ్గర కూర్చోవాలి. ఆరువేలా, నాలుగువేలా అన్నది తరవాత. ఆ ఇరవై నిమిషాలు మన దగ్గరున్నాయా?

ముందు పరీక్ష పెట్టుకున్నాను. రోజుకి ఇరవై నిమిషాలు, ఫోనులోనే, చేతిలో ఏ పనీ లేకుండా. వారంలో మూడు రోజులే కుదిరింది. ఒకనాడు గ్యాసబ్బాయి, ఒకనాడు చుట్టాలు, మిగతా రెండ్రోజులూ ఏ కారణమూ లేదు. ఊరికే కూర్చుంటే తప్పు చేస్తున్నట్టు అనిపించి లేచిపోయాను. ఆ లేవడం ఎక్కడ నేర్చుకున్నానో నాకు తెలుసు.

కాబట్టి నా మాటేమిటంటే, మీరూ ఓ వారం పరీక్ష పెట్టుకోండి. ఒక్కరోజూ కుదరకపోతే కొనకండి, అటక మీద దుమ్ము తినడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. కుదిరితే, ఇంట్లో రికార్డు ప్లేయరుంటే, కొనండి. కొనేముందు రికార్డుని వెలుతురుకి ఏటవాలుగా పట్టి గీతలు చూడండి, వంపు తిరిగిందేమో చూడండి. కొట్లోనే ఒకటి వేసి వినిపించమనండి. ఇంట్లో పుస్తకాల్లా నిలబెట్టాలి గాని పళ్ళేల్లా ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. పెట్టెకి మాత్రం పైసా ఇవ్వకండి.

నేను నాలుగువేలకి కొన్నాను. పట్టు పెట్టె ఆయనకే వదిలేసి, న్యూస్‌పేపర్లో చుట్టించుకుని తెచ్చుకున్నాను. మా తమ్ముడిచ్చిన ప్లేయరు దుమ్ము దులిపి, అమ్మని పిలిచి కుర్చీ వేశాను. ముల్లు పెట్టానో లేదో వంటింట్లో కుక్కరు కూతేసింది. అమ్మ కుర్చీ చేతుల మీద బరువు ఆనించి లేవబోయింది.

"మీరు కూర్చోండి అత్తయ్యా" అని మావారే వెళ్ళి స్టవ్వు కట్టేశారు.