ఆత్మరక్షణ శబ్దవిచారము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో బలాత్కారమునుండి, హింసనుండి తమ్ముఁ దాము కాపాడుకొన్నందులకే చెఱపాలైన నల్లజాతి స్త్రీలు పెక్కండ్రు. అట్టివారి విముక్తికై పాటుపడుచున్న మరియామ్ కాబా 2014వ సంవత్సరమున ‘నో సెల్వ్స్ టు డిఫెండ్’ అను సంకలనమును వెలువరించెను. రక్షించుకొనుటకు ఆత్మలే లేవని యీ నామమున కర్థము. ఇచ్చట నాత్మ యనఁగా వేదాంతులు చెప్పునది గాదు. ‘తాను’ అని మాత్రమే గ్రహింపవలయును.

ప్రాణములకుఁ దెగించి తమ్ముఁ గాచుకొన్నవారికిఁ ‘తాను’ లేదనుట వారి నవమానించుట గాదా యని యాక్షేపింపవచ్చును. కాదు. ఈ వాక్యము గ్రంథకర్త్రి మతము గాదు. ధర్మాసనము పలికినదానికి అనువాదము. ఆ యనువాదమునందే నింద ధ్వనించుచున్నది.

దీనికిఁ దార్కాణము మిస్సోరీ రాష్ట్రమునందలి సీలియా వ్యాజ్యము. అయిదేండ్లుగాఁ దన్నుఁ జెఱచుచుండిన యజమానుని ఈ బానిస స్త్రీ 1855లో జంపెను. ‘ఏ స్త్రీనైనను’ బలవంతముగాఁ జెఱపఁబూనుట నేరమని యా రాష్ట్రశాసనము. ఆ మాటలో బానిసయుఁ జేరునని యామె న్యాయవాదులు వాదించిరి. న్యాయాధిపతి జూరీవారి కట్లు బోధింప నొల్లఁడయ్యెను. ఆ సంవత్సరము డిసెంబరు 21వ తేదిని ఆమె నురితీసిరి. అర్థసంకోచము నిఘంటువునందుఁ బదమునకు మాత్రమే కొఱఁత. ఇచ్చట నది ప్రాణమునే హరించినది.

బానిసతనము 1865లో రద్దయ్యెను, సంకోచము తొలఁగలేదు. ఫ్లోరిడాలో మారిస్సా అలెగ్జాండర్ 2010లో, విడివడియున్న భర్త తన్నుఁ జంపునను భయమునఁ దుపాకి నొక్కసారి కాల్చెను. ఎవ్వరికిని గాయము తగులలేదు. దాడికి గుఱియైనవారు వెనుదీయ నక్కఱలేదను శాసన మచ్చట నున్నను, అది యామెకు వర్తింపదయ్యెను. 2012లో ఇరువదేండ్ల శిక్ష విధించిరి. పై న్యాయస్థానము 2013లో నా తీర్పును గొట్టివేసెను; 2015లో నామె చెఱ వెడలి రెండేండ్లు గృహనిర్బంధమున నుండెను.

అట్లైన నీ నిషేధము నిత్యమా? కాదు. కారాగారమునందుఁ దన్నుఁ జెఱపవచ్చిన కావలివానిని 1974లోఁ జంపిన జోన్ లిటిల్ పక్షమున దేశమంతట జనులు గళమెత్తిరి. 1975లో జూరీ యామెను నిర్దోషిగాఁ దీర్చెను. శాసనము నిరాకరించిన ‘తాను’ను జనవాక్యము నిలువఁబెట్టెను.

అమంగళనివారణమును గావ్యప్రయోజనములలో నొకటిగా మమ్మటుఁడు లెక్కించెను. అలెగ్జాండర్ వ్యాజ్యమునకు ధనము గూర్చుటకై పుట్టిన యీ సంకలనమునకు ఆ ప్రయోజనమే ప్రధానము. నామమునందలి ‘లేవు’ అను మాట యసత్యమగు దినమే దీనికి ఫలసిద్ధి.