మోకాలినొప్పి, మూలికలు, ‘వచ్చు’ ప్రత్యయం: తెలుగు ఆరోగ్యరచనల భాషపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం: ఆస్టియో ఆర్థరైటిస్‌లో మూలికాసారాలు కొంత ఉపశమనం ఇస్తాయన్న పరిమిత నిర్ధారణ, తెలుగు ఆరోగ్యరచనల్లోకి వచ్చేసరికి హామీగా ఎలా మారుతున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సంధిగతవాతం, వాపు, అందుగు, సంభావ్యార్థకం, పల్నాడు.

1. ప్రవేశిక

పల్నాడులో మిరపకోతకు, పత్తితీతకు, వరినాట్లకు వంగి పనిచేసే స్త్రీలకు మోకాలినొప్పి నిత్యానుభవం. నల్లేరు పచ్చడి, వావిలాకు కాపడం, ఆముదం మర్దన వారికి తెలిసిన వైద్యం. ఇటీవల గుళికల రూపంలోని మూలికాసారాలు కూడా ఈ వరుసలో చేరాయి. కాబట్టి వాటిని గూర్చిన తెలుగు వాక్యం ఎంత నిర్దుష్టంగా ఉన్నదన్నది కేవలం శైలీవిషయం కాదు.

2. వ్యాధినామం

‘వాతం’ అన్న ఒకే మాట కింద భిన్న వ్యాధులు చేరుతున్నాయి. చరకసంహిత చికిత్సాస్థానం సంధిగతవాతాన్ని వర్ణిస్తూ, గాలి నిండిన తిత్తిని తాకినట్లుండే వాపును, కీలు ముడిచినా చాచినా కలిగే బాధను పేర్కొన్నది. ఈ లక్షణాలు కీళ్ల అరుగుదలకు దగ్గరివి. ఆమవాతం వేరు. రెండింటినీ ‘కీళ్లవాతం’ అంటే, ఒకదానికి చెప్పిన మందు మరొకదానికి చేరిపోతుంది.

‘వాపు’ అన్న మాటదీ ఇదే ఇబ్బంది. అది కంటికి కనిపించే ఉబ్బును సూచిస్తుంది. ఇన్‌ఫ్లమేషన్ కీలులోపలి పొరలో, పైకి ఉబ్బు లేకుండానే సాగుతూ మృదులాస్థి క్షయానికి తోడ్పడవచ్చు.

3. ఏలూరు పరీక్ష

2008లో ప్రచురితమైన ఒక అధ్యయనం మనకు సమీపంలోని ఉదాహరణ. ఏలూరులోని అల్లూరి సీతారామరాజు అకాడమీ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో 75 మంది మోకాలి అరుగుదల రోగులపై 90 రోజుల పాటు అది జరిగింది. అందుగు బంకనుండి తీసిన ‘5-లాక్సిన్’ సారాన్ని కొందరికి 100, కొందరికి 250 మిల్లీగ్రాములు, మిగిలినవారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. సారం తీసుకున్నవారిలో నొప్పి తగ్గింది, కదలిక మెరుగైంది. ఆ సారంలో 30 శాతం ఉండే ఒక బాస్వెల్లిక్ ఆమ్లం 5-లిపాక్సిజనేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది.

అయితే పరీక్షితుల సంఖ్య స్వల్పం, వ్యవధి మూడు నెలలు, పరిశోధకుల్లో సారాన్ని తయారుచేసిన విజయవాడ లైలా సంస్థవారు ఉన్నారు. పరీక్షించినది ప్రమాణీకృత సారాన్ని. బజారులోని గుగ్గిలాన్ని కాదు. పైగా ‘గుగ్గిలం’ అన్న పేరు తెలుగులో ఒకటికి మించిన చెట్ల బంకలకు చెల్లుతుంది.

4. ‘వచ్చు’ అర్థచ్ఛాయలు

‘మూలికలతో నొప్పి తగ్గించుకోవచ్చు’ అన్న వాక్యాన్ని పరిశీలిద్దాం. ‘వచ్చు’ సంభావ్యతను, సామర్థ్యాన్ని, అనుమతిని మూడింటినీ సూచిస్తుంది. శాస్త్రవేత్త ఉద్దేశించినది మొదటిది. పాఠకురాలు గ్రహించేది రెండవది, మూడవది. ‘కొందరిలో కొంత తగ్గే అవకాశం ఉంది’ అన్నప్పుడు ఈ సందిగ్ధత తొలగుతుంది.

సందిగ్ధతకు మూల్యం ఉంది. గాఢమైన పసుపుసారం గుళికలతో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. రక్తం పలుచబడే మందులు వాడేవారికి ఇలాంటి సారాలు వైద్యుని సలహా లేకుండా తగవు. ‘సహజం’ అన్న విశేషణం ఈ హెచ్చరికలను కప్పివేస్తున్నది.

5. ముగింపు

ఈ విమర్శ మూలికావైద్య నిరాకరణ కాదు. పల్నాటి పొలాల్లో పండే మిరపలోని క్యాప్సైసిన్‌ను పైపూత లేపనంగా మోకాలినొప్పికి వాడవచ్చునని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లో షరతులతో సూచించింది. ఆ సూచన కూడా నిర్ణీత మోతాదు లేపనానికే. కారం పట్టు వేసుకోవడానికి కాదు. ఏ వ్యాధికి, ఏ మొక్కలోని ఏ భాగపు సారం, ఎంత మోతాదులో, ఎందరిపై, ఎంతకాలం పరీక్షించారన్న వివరాలు ఆరోగ్యరచనలో తప్పనిసరి కావాలి. పరిభాషాధ్యయనం చేసే తెలుగుశాఖలు ఈ రచనలను కూడా తమ విమర్శ పరిధిలోకి తీసుకోవలసి ఉన్నది.