ఇరుసు కొలవని చక్రము

నూజెండ్లలోని ఒక పాఠశాలలో విండోస్ 7 తో నడచు పాత కంప్యూటరు ఒకటి ఉన్నదనుకొందము. పిల్లలకు తెలుగు టైపు నేర్పుటకై ఉపాధ్యాయుడు ఒక స్వేచ్ఛా సాఫ్టువేరును తెచ్చినాడు. దానికి వెల లేదు. దాని మూలసంకేతమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పదిమందికి పంచవచ్చును. కాని తెరువగనే "ఈ యంత్రముపై పనిచేయదు" అను హెచ్చరిక కనబడి ప్రోగ్రాము ఆగిపోయినది. లైసెన్సు ఇచ్చిన స్వేచ్ఛ ఆ బల్లవరకు చేరలేదన్నమాట. ఈ లోపము ఎవరిది? యంత్రము మార్చుకొనలేని పాఠశాలదా, కొత్త పనిముట్లనే నమ్ముకొన్న రచయితదా? ఈ ప్రశ్నకు మన భాషలోనే జరిగిన ఒక ఉదాహరణము ద్వారా సమాధానము వెదకవచ్చును.

ముందుగా వేదిక యననేమో చూతము. ఒక ప్రోగ్రాము తాను స్వయముగా చేయక ఇతరులచే చేయించుకొను పనులు అనేకము కలవు. తెరపై అక్షరము గీయుట, ఫైలును తెరచుట, సంఖ్యలను వరుసలో పెట్టుట మొదలైనవి అట్టివి. ఈ పనులు చేసిపెట్టు వ్యవస్థయే వేదిక. పాత బండికి కొత్త చక్రము చేయు వడ్రంగి ముందుగా ఇరుసును కొలుచుకొనును. చక్రమెంత గట్టిదైనను ఇరుసునకు పట్టనిచో బండి కదలదు. సాఫ్టువేరునకు వేదికయే ఇరుసు.

ఇక ఉదాహరణము. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి స్థానము లభించినది. ఐనను చాలకాలము పలు తెలుగు పత్రికలు తమ వెబ్ పుటలను సొంత ఫాంటుల సంకేతములలోనే ప్రచురించినవి. ఆ ఫాంటు లేనివారికి పుట అంతయు అర్థములేని గుర్తులుగా కనబడెడిది. దానిలో ఒక మాటను వెదకుటయు సాధ్యము కాకుండెను. వెన్న నాగార్జున రచించిన 'పద్మ' ఈ చిక్కును విప్పినది. ఇది ఫైర్‌ఫాక్స్ బ్రౌజరునకు అనుబంధముగా చేరి, ఆ సంకేతములను యూనికోడ్ తెలుగులోనికి మార్చి చూపెడిది. రోమను లిపిలో వ్రాసిన తెలుగును సైతము తెలుగు లిపిలోనికి మార్చెడిది. తెలుగు పాఠకునకు ఇది చేసిన మేలు తక్కువది కాదు.

ఐతే పద్మ నిర్మాణములో రెండు భాగములు కలవు. అక్షరములను మార్చు సూత్రములు మొదటిది. బ్రౌజరుతో సంబంధము కలుపు భాగము రెండవది. ఈ రెండవ భాగము ఫైర్‌ఫాక్స్ అంతర్గత యంత్రాంగముపై ఆధారపడినది. 2017 నవంబరు 14న వెలువడిన ఫైర్‌ఫాక్స్ 57 ఆ యంత్రాంగమును అనుబంధములకు మూసివేసినది. పాత పద్ధతిలో కూర్చిన అనుబంధములన్నియు, వానితోపాటు పాత రూపముననున్న పద్మయు, ఆ కూర్పులో పనిచేయుట మానినవి. దీర్ఘకాల కూర్పైన 52ను వాడువారికి మాత్రము 2018 సెప్టెంబరు వరకు గడువు దొరకినది.

ఇందుకు రచయితను తప్పుపట్టుట న్యాయము కాదు. ఆనాటి ఫైర్‌ఫాక్స్ చూపిన బాట అదియే. కాని పద్మలోని అక్షర పరివర్తన భాగము ఆధారముగానే వీవెన్ 'లేఖిని'ని రూపొందించినారు. లేఖిని ఒక సాధారణ వెబ్ పుట. అన్ని బ్రౌజరులకును తెలిసిన జావాస్క్రిప్టు తప్ప దానికి వేరు ఆధారము అక్కరలేదు. కావున ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినను దానికి ముప్పు కలుగలేదు. ఒకే విద్య రెండు ఇండ్ల కాపురముండగా, అద్దె ఇల్లు కూలినది, ఊరి ఉమ్మడి సత్రము నిలిచినది. మూలసంకేతము అందరిది కాబట్టియే ఆ విద్య రెండవ ఇంటికి చేరగలిగినది. స్వేచ్ఛా సాఫ్టువేరు యొక్క అసలు బలమిది.

పాత వేదికకు పనికివచ్చునట్లు కూర్చితిమని చెప్పుట ఒకటి, నిజముగా కూర్చుట మరియొకటి. జావా భాషను చూడుడు. జావా కంపైలరు తయారుచేయు ప్రతి ఫైలుపై ఒక సంఖ్య ఉండును. జావా 8కి 52, జావా 11కి 55, జావా 17కి 61. పాత జావా తనకంటె పెద్ద సంఖ్య గల ఫైలును తిరస్కరించును. అందుచే కొందరు కొత్త కంపైలరుతోనే పనిచేయుచు, 52 సంఖ్య వేయుమని ఆజ్ఞ యిచ్చి తృప్తిపడుదురు. ఇది చక్రముపై పాత కొలత చీటీ అంటించుట వంటిది. సంఖ్య పాతదే, కాని లోపల పిలిచిన పనులు కొత్తవి. బైట్‌బఫర్ అను తరగతిలోని ఫ్లిప్ అను పని ఇందుకు పేరుపడ్డ ఉదాహరణము. జావా 9లో అది తిరిగి యిచ్చు వస్తువు రకము మారినది. చీటీ మాత్రమే మార్చి కూర్చిన ప్రోగ్రాము జావా 8పై చక్కగా మొదలై, ఆ పిలుపు దగ్గరకు రాగానే "అట్టి పని లేదు" అని కూలిపోవును. మొదటనే ఆగిన ప్రోగ్రాముకంటె ఇది హానికరము. ఏలయన అప్పటికి వాడుకరి సగము పని చేసియుండును. ఈ పొరపాటును తప్పించుటకే 2017లో జావా 9తోపాటు 'రిలీజ్' అను ఆజ్ఞ వచ్చినది. ఇది సంఖ్యతోపాటు పాత వేదికలోని పనుల జాబితానుకూడ పాటించును.

అట్లని ఎంత పాత వేదికనైనను మోయవలెనని నా వాదము కాదు. విండోస్ 7 భద్రతా సవరణలు సామాన్య వాడుకరులకు 2020 జనవరి 14తో ముగిసినవి. పైథాన్ భాషలో విండోస్ 7పై నడచు చివరి కూర్పు 3.8, దానికిని 2024 అక్టోబరులో మద్దతు ఆగినది. ఇట్టి యంత్రమును ఇంటర్నెట్టునకు కలిపి ఉంచుట ప్రమాదమే. పైగా ప్రతి పాత వేదికపైనను పరీక్షించుట జీతము లేక పనిచేయు రచయితకు బరువు. ఎక్కడనో ఒకచోట గీత గీయక తప్పదు.

నా ఆక్షేపణ గీత గీయుటపై కాదు, గీయకుండ వదలుటపై. చాలమంది రచయితలు తమ యంత్రముపై ఏ కూర్పు ఉన్నదో దానితోనే కూర్చి విడుదల చేయుదురు. కొత్త వేదికతో నిజముగా అవసరమున్నదా అని విచారింపరు. తెలుగునకు పనిముట్లు చేయువారైనను మూడు నియమములు పాటింపవలెను. ఏ కనీస వేదికపై పనిచేయునో మొదటి పుటలోనే వ్రాసి, ఆ వేదికపై నిజముగా నడిపి చూడవలెను. భాషకు సంబంధించిన సూత్రములను వేదికతో ముడిపడిన భాగమునుండి వేరుగా ఉంచవలెను. పాత వేదికను విడనాడునపుడు, దానిపై నడచిన చివరి కూర్పును మూలసంకేతముతోసహా అందుబాటులో ఉంచవలెను.

ఇట్లు చేసినచో నూజెండ్లలోని ఆ ఉపాధ్యాయునికి కొత్త కూర్పు నడువకున్నను, తన యంత్రమునకు తగినది ఏదో తెలియును. దానిని ఇంటర్నెట్టు అక్కరలేకయే నడిపి, ఆనాటి పాఠము ఆనాడే చెప్పగలడు.